బొట్టు కింది మచ్చ

చిత్తూరు జిల్లాలో ఆడవాళ్ళు చేసే పనులన్నీ నేను చేశాను. పల్పు ఫ్యాక్టరీలో మామిడికాయల తొక్క తీశాను. పాకాల స్టేషన్లో జామకాయలు అమ్మాను. తిరుపతి బస్టాండు బయట పూలు కట్టాను. నర్సుగా సూది వేశాను, టీచరుగా బెత్తం పట్టుకున్నాను, ఒకసారి ఖాకీ చీర కట్టుకుని లేడీ కానిస్టేబుల్‌గా కూడా నిలబడ్డాను. నిజం చెప్పాలంటే చేసింది ఒక్కటే పని. చిత్తూరు మిట్టూరులో మా మిద్దె మీద రేకుల గది ఉంది. అందులో ప్లాస్టిక్ కుర్చీ ఉంది. మా ఆయన "కదలొద్దు" అన్నంతసేపూ ఆ కుర్చీలో కదలకుండా కూర్చోవడం, అంతే.

మా ఆయన పేరు మునిరామయ్య. చిత్రకారుడు. దేవుళ్ళను వేయడు, నాయకులను వేయడు, కొండ వెనక సూర్యుణ్ణి అసలే వేయడు. మామూలు మనుషులు మామూలు రోజున ఏం చేస్తూ ఉంటారో అది వేస్తాడు. పడుచువాడిగా ఉన్నప్పుడు మద్రాసు వెళ్ళి, కాలిపోకముందు మూరు మార్కెట్లో ఒక పాత ఇంగ్లీషు బొమ్మల పుస్తకం కొన్నాడు. విక్టోరియా రాణి కాలం నాటి చిత్రకారులవి. రైలు పెట్టెలో జనం, వంటింట్లో తల్లీ పిల్లలు, కూలి పనికి పోతున్న ఆడవాళ్ళు. ఆ పుస్తకంలో ఒక్క ముక్క చదవలేదు గానీ, బొమ్మలన్నీ మనసులో అచ్చు గుద్దుకున్నాడు. ఆ దొరలు కూడా చాలామంది పెళ్ళాలనే కూర్చోబెట్టి వేసేవాళ్ళని ఎవరో చెప్పారట. ఇక నా నడుము సంగతి అడగాలా!

మొదట్లో ఆయన బోర్డులు రాసేవాడు. సంతపేట నుంచి గాంధీ బొమ్మ దాకా ఏ అంగడి మీద తలెత్తి చూసినా ఆయన అక్షరాలే. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని పోయింది. తోటి ఆర్టిస్టులు ఆటోలు కొనుక్కున్నారు. ఈయన మాత్రం ఇంటికొచ్చి, "పీడా పోయింది పంకజా. ఇంక అక్షరాలు రాసే పని ల్యా. మనుసుల్ని రాస్తా" అన్నాడు. మర్నాడు నేను బియ్యం కడుగుతుంటే వేశాడు. తిరుపతిలో లాడ్జి నడిపే శ్రీనివాసులు ఆ బొమ్మ కొని, రిసెప్షన్లో తగిలించాడు. కొండకొచ్చిన జనమంతా గది తాళం చేతికొచ్చే దాకా నేను బియ్యం కడగడం చూస్తూ నిలబడేవాళ్ళు. తర్వాత డాక్టర్లు కొన్నారు, బెంగళూరు వాళ్ళు కొన్నారు. మా ఆయనకు తన పని మీద గర్వం ఎక్కువ. ఆ విషయంలో నాకు ఆయన కన్నా ఎక్కువ.

అన్ని బొమ్మల్లోనూ నేనే ఎందుకంటే, మా ఊళ్ళో ఏ ఆడమనిషి పరాయి మగవాడి ఎదురుగా పూటంతా కూర్చుంటుంది? అందుకని ఆయన నా ముక్కు కాస్త సాగదీసి, రంగు కాస్త మార్చి, ఒకసారి పదహారేళ్ళు ఒకసారి డెబ్భై ఏళ్ళు ఇచ్చి సరిపెట్టుకున్నాడు. అయినా జనం గుడ్డివాళ్ళు కాదు కదా. పోయినేడాది ప్రదర్శనలో ఒక పెద్దమనిషి నవ్వుతూ, "మీ బొమ్మల్లో ఆడవాళ్ళంతా ఒక తల్లి పిల్లల్లాగే ఉంటారు సార్" అన్నాడు. ఆయన ఆ మాట మరిచిపోలేదు. నేనూ మరిచిపోలేదు.

ఈ ఏడు సంగతి వేరు. తిరుపతిలో ప్రతి ఏడూ చిత్రకళా ప్రదర్శన పెట్టేవాళ్ళు ఫోన్ చేసి, ఈసారి ఒక గోడంతా మీకే ఇస్తాం, మధ్యలోకి కొత్తది, పెద్దది ఒకటి కావాలి అన్నారు. ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఏ బొమ్మ వేయాలో ఆయనకు ముందే తెలుసు.

బంగారుపాళ్యం దగ్గర హైవే పక్కన, తెల్లవారుజామున, పల్పు ఫ్యాక్టరీ ఆడవాళ్ళు బండి కోసం సిమెంటు దిమ్మె మీద కూర్చుని ఉంటారు. మామిడి సీజన్లో ఒకరోజు ఆయన బస్సు కిటికీలోంచి చూశాడు. మొగుడు పోయి కర్మ ముగించుకుని ఒకామె మళ్ళీ పనికి వచ్చిందని బస్సులో ఎవరో అన్నారు. ఆమె దిమ్మె దగ్గరకు వచ్చి ఊరికే నిలబడిపోయింది. కూర్చున్న వాళ్ళలో ఒకామె పక్కకు జరిగి, ఆమె చేతిలోని టిఫిన్ క్యారియర్ తీసి తన ఒళ్ళో పెట్టుకుంది. బస్సు కదిలిపోయింది. అంతే ఆయన చూసింది. ఇంటికి వచ్చాక ఆ రోజు అన్నం తినలేదు.

కాన్వాసు మా తలుపంత పెద్దది. హైవే వేశాడు, లారీల లైట్లు వేశాడు, వెనక మామిడి తోట వేశాడు, నీలం టోపీలు పెట్టుకున్న ఆడవాళ్ళను వేశాడు. జరిగి చోటిచ్చే ఆమెను మధ్యలో వేశాడు. ఆమె పక్కన నిలబడిన మనిషి చీర, చేతులు, కాళ్ళు, చెప్పులు అన్నీ వేశాడు. మొహం ఒక్కటీ వేయలేదు. వారాలు గడిచిపోతున్నా ఆ చోటు ఖాళీగానే ఉంది. ప్రదర్శన దగ్గర పడుతోంది. పోయినేడాది గుండెకు స్టెంటు వేయించుకుని వచ్చిన మనిషి, రాత్రిళ్ళు నిద్ర లేకుండా తిరుగుతుంటే నాకు బొమ్మ మీద బెంగ పట్టుకోవాలా, ఆయన మీద బెంగ పట్టుకోవాలా?

నన్ను అడగకుండానే ఆ మొహం కోసం కృపామణిని పిలిపించాడు. కృపామణి ఆ ఫ్యాక్టరీలోనే పని చేస్తుంది. టోపీ ఎలా పెట్టుకుంటారో, గ్లోవ్స్ ఎక్కడ దోపుకుంటారో ఆయనకు చెప్పింది ఆమే. ఆదివారం చర్చి అయ్యాక మొగుడు ఇమ్మానుయేల్‌ని వెంటబెట్టుకుని వచ్చి, కుర్చీలో కూర్చుంది. వాళ్ళు బొట్టు పెట్టుకోరు కాబట్టి ఆమెకు ఏ ఇబ్బందీ లేదు, మా ఇంట్లో ఎవరికీ అభ్యంతరం లేదు. ఇమ్మానుయేల్ పక్కనే గోడకు ఆనుకుని గురక పెట్టాడు. సాయంత్రానికి మొహం అయింది. కృపామణి లేచి వచ్చి చూసింది.

"బాగుండాదన్నా. అచ్చం నేనే. కానీ మొగుడు పోయినదాని మాదిరి ల్యాదే. మటన్ తినేసి వచ్చి కూసున్నట్టుండా" అంది.

వాళ్ళు బస్సెక్కి పోయాక ఆయన టర్పెంటైన్ గుడ్డతో ఆ మొహం తుడిచేశాడు.

ఇక నేను ఊరుకోలేదు. మర్నాడు మధ్యాహ్నం అన్నాల దగ్గర పట్టుకున్నాను.

"ఏమయ్యా, ఏం కావల్ల నీకు? ఆయమ్మ మొకం బాగానే వచ్చింది గదా?"

"బాగానే వచ్చింది. ఆ నుదురు మొదట్నించీ బోసిది పంకజా. దాంట్లో పోయింది ఏమీ ల్యాదు" అన్నాడు, కంచంలోకి చూస్తూ. "నేను సూసినామెకు ఈడ తెల్లంగా మచ్చ ఉన్నింది. ఏండ్ల తరబడి బొట్టు ఉన్న చోటు. ఆ మచ్చ రావల్ల."

నా చెయ్యి దానంతటదే నుదుటి మీదికి పోయింది. పెళ్ళయిన కొత్తలో కుంకుమ, తర్వాత అంతా స్టిక్కర్లు. ఆ జిగురుకు నా నుదుటి మీద కందిబద్దంత తెల్లమచ్చ ఉంది. రాత్రిపూట మొహం కడుక్కునేటప్పుడు తప్ప అది ఎవరికీ కనపడదు. ఈ మధ్య నేను తొట్టి దగ్గర మొహం కడుక్కుంటుంటే ఈయన స్తంభం పక్కన నిలబడి దొంగచూపులు చూస్తున్నాడు. ఈ వయసులో ఇదేం సరసమని నాలో నేను మురిసిపోయాను కూడా. తీరా చూస్తే ఆయన చూసింది మచ్చను!

"అంతేనా? దీనికా ఇన్నాళ్ళు తిరుక్కుంటా ఉండావు? రేపు పొద్దన్నే స్టిక్కరు తీసేసి కూర్చుంటా" అన్నాను.

మంచం మీద కూర్చున్న మా అత్త చేతిలోని మజ్జిగ గ్లాసు కింద పెట్టేసింది.

"ఏమ్మే! మతి గానీ పోయిందా నీకు? మొగుడు ఎదురుగా గుండ్రాయి మాదిరి కూసోనుంటే బొట్టు తీసేస్తావా?"

"బొమ్మ కోసరం అత్తా. ఒక పూట."

"ఒక పూటైతే ఏమి, ఒక నిమిసమైతే ఏమి? గుండెలో స్ప్రింగు ఏపించుకోని వచ్చినోడు వాడు. పొద్దన్నే అట్లాంటి మొకం వాడి కంట పడకూడదు. పడినాంక ఏమన్నా అయితే నువ్వు తెచ్చిస్తావా నా కొడుకుని?"

మా మామ పోయి చాలా ఏళ్ళయింది. అత్త నుదుటి మీద మచ్చ కూడా ఎప్పుడో చర్మంలో కలిసిపోయింది. ఇప్పుడు ఊళ్ళో చాలామంది మొగుడు పోయినా బొట్టు పెట్టుకుంటున్నారు, ఎవరూ ఏమీ అనడం లేదు. మా ఇంట్లో మాత్రం అత్త చెప్పిందే చట్టం. నేను మా ఆయన వైపు చూశాను. ఆయన చెయ్యి ఛాతీ మీదికి పోయింది.

"అమ్మ చెప్పేది గూడా..." అని నసిగాడు.

నాకు ఒళ్ళు మండింది. "నీ ప్రాణం నా స్టిక్కరు కింద ఉండాదా? నువ్వు మింగే మాత్రలన్నీ దండగేనా అయితే?" అని అరిచాను. అత్త నా కన్నా గట్టిగా అరిచింది. ఆ మొహం, ఈ మొహం, ఎదురొస్తే ఏమవుతుంది, పొద్దున్నే చూస్తే ఏమవుతుంది అని ఇద్దరం ఇల్లెగిరిపోయేలా వాదించుకున్నాం.

మా ఆడబిడ్డ లోకేశ్వరి అక్కడే గుమ్మం దగ్గర కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. మా ఆయనకు చెల్లెలు. ఆమె భర్త మామిడికాయల లారీ తోలుతూ యాక్సిడెంటులో పోయాడు. అప్పటి నుంచి మా దగ్గరే ఉంది. మా ఇంట్లో వంటిల్లు ఆమెది. ఏ బొమ్మలోనూ ఆమె లేదు. కూర్చోమని అన్న అడగలేదు, కూర్చుంటానని ఆమె అనలేదు.

ఆమె తల ఎత్తకుండానే మాట్లాడింది.

"మా, పొద్దన్నే అన్న సూసేది నా మొకమే గదా."

మేమిద్దరం ఆగిపోయాం.

"దినామూ అన్నకి కాఫీ ఇచ్చేది నేను. వదిన ఎప్పుడన్నా ఏడుకి ముందర లేసిందా? ఆస్పత్రికి పోయిన పొద్దున గూడా నేనే ఇచ్చినా. వచ్చినాంక గూడా నేనే ఇస్తా ఉండా. బతికే ఉండాడు గదా."

ఏడుస్తూ అనలేదు. కోపంగానూ అనలేదు. ఒక గింజ తీసి చేటలో వేసి, ఇంకోటి తీసింది. అత్త మజ్జిగ గ్లాసు తీసుకుని గోడ వైపు తిరిగి కూర్చుంది. మా ఆయన కంచంలో చెయ్యి కడుక్కుని మేడ మీదికి వెళ్ళిపోయాడు.

మర్నాడు ఎవరినీ అడగలేదు నేను. పొద్దున్నే లేచి, అవును, ఏడుకు ముందే లేచి, మొహం కడుక్కుని కొత్త స్టిక్కరు పెట్టుకుని మేడెక్కాను. తాళి రవికెలోకి దోపుకున్నాను. కుర్చీలో కూర్చుని, ఆయన చూస్తుండగానే స్టిక్కరు ఊడదీసి వేలి మీద పెట్టుకున్నాను.

ఆయన కుంచె పట్టుకుని నిలబడిపోయాడు. నన్ను చూడడు, కాన్వాసును చూస్తాడు. కాన్వాసును చూడడు, నేల చూస్తాడు.

"సూడలేకుండా ఉండా పంకజా" అన్నాడు.

"నన్ను సూడొద్దు. మచ్చని సూడు" అన్నాను. అయినా చెయ్యి కదలలేదు.

అప్పుడు ఆ పెద్ద బొమ్మను నేను తీరిగ్గా చూశాను. అప్పటిదాకా చూసింది ఖాళీగా ఉన్న మొహాన్నే. ఇప్పుడు దాని పక్కనున్న ఆమెను చూశాను. ఎర్రటి బొట్టు, తలలో కనకాంబరాలు, చేతినిండా గాజులు. జరిగి చోటిస్తోంది. ఆమె మొహం ఎవరిది? నాదే! అలవాటు చొప్పున అక్కడా నన్నే వేసేశాడు.

"ఏమయ్యా, నాకు నేనే జరిగి నాకు నేనే చోటిచ్చుకుంటా ఉండానా? తిరుపతిలో ఆ పెద్దాయన మళ్ళీ నవ్వడా?" అన్నాను.

ఆయన ఉలిక్కిపడి బొమ్మను చూశాడు. రెండడుగులు వెనక్కి వేసి మళ్ళీ చూశాడు. తన పనిలో తప్పు కనపడితే ఆయన మొహం ఎలా మారుతుందో నాకు తెలుసు. భయం ఎక్కడికో పోయింది. "ఇంకొక మొకం కావల్ల" అన్నాడు.

నేను మెట్ల దగ్గరికి పోయి కేకేశాను. "లోకేశ్వరీ! పొయ్యి ఆపేసి పైకి రా!"

ఆమె తడిచేతులు చీరకు తుడుచుకుంటూ వచ్చింది. బోసి నుదుటితో ఉన్న నన్ను చూసి గడపలోనే ఆగింది. నేను చెయ్యి పట్టి లోపలికి లాగాను. నా కుర్చీ పక్కన ఇంకో కుర్చీ వేసి కూర్చోబెట్టాను. నా వేలి మీదున్న స్టిక్కరు, నా నుదుటి వేడి ఇంకా ఆరని స్టిక్కరు, ఆమె నుదుటి మీద పెట్టి బొటనవేలితో అదిమాను.

వద్దంటుందేమో, ఏడుస్తుందేమో, లేచి పోతుందేమో అని మా ఆయన బిగుసుకుపోయి చూస్తున్నాడు. లోకేశ్వరి రెండు వేళ్ళతో దాన్ని తడుముకుంది. వీపు నిటారుగా పెట్టుకుంది.

"నేరుగా ఉండాదా వదినా?" అని అడిగింది.

"నేరుగా ఉండాది."

మా ఆయన కుంచె రంగులో ముంచాడు. "కదలొద్దు" అన్నాడు. ఇద్దరికీ కలిపి.

ఆ పూట ఆయన వేసినట్టు నేను ఎప్పుడూ చూడలేదు. కుంచె చేతిలో ఉంటే ఆ మనిషికి చావు గుర్తుండదు, ఆకలి గుర్తుండదు, తల్లి కింద మంచం మీద పళ్ళు నూరుతోందని గుర్తుండదు. నా మొహం వచ్చింది, మచ్చతో సహా. చెల్లెలి మొహం మొదలైంది. కూర్చోవడం అయ్యాక లోకేశ్వరి స్టిక్కరు ఊడదీసి, ఆ గదిలోని చిన్న అద్దానికి అతికించి కిందికి పోయింది. అద్దం మీంచి తీసి పెట్టుకోవడం, మళ్ళీ అద్దానికే అతికించడం, బొమ్మ పూర్తయ్యే దాకా ఇదే వరస. "ఉండనీ మే, ఎవురేమంటారు?" అన్నాను ఒకసారి. "అమ్మ సూస్తుంది వదినా" అంది. అత్త మోకాళ్ళు మెట్లెక్కనివ్వవు కాబట్టి పైన ఏం జరుగుతోందో ఆమె చూడలేదు. అడగనూ లేదు. కొడుకు అన్నానికి దిగిన ప్రతిసారీ ఒకసారి పైనుంచి కింది దాకా చూసుకుని, బాగానే ఉన్నాడని నిశ్చయించుకుని ఊరుకునేది.

ప్రదర్శన రోజు అందరం కారులో తిరుపతి పోయాం. నేను పట్టుచీర కట్టి, రూపాయి బిళ్ళంత స్టిక్కరు బొట్టు పెట్టుకున్నాను. గోడంతా నేనే ఉన్నాను కదా, మరి ఆ మాత్రం ఉండాలి. పోయినేడు నవ్విన పెద్దమనిషి పెద్ద బొమ్మ ముందు చాలాసేపు నిలబడి, నవ్వకుండా వెళ్ళి, ఇంకో ఇద్దరిని పిలుచుకొచ్చాడు. మా ఆయన ఒక చేత్తో బోండా, ఒక చేత్తో టీ పట్టుకుని పెళ్ళికొడుకులా తిరుగుతున్నాడు. కృపామణి ఫ్యాక్టరీ ఆడవాళ్ళను నలుగురిని వెంటబెట్టుకుని వచ్చింది. వాళ్ళు ఆ బొమ్మ ముందు గుమిగూడి, టోపీలు సరిగ్గా ఉన్నాయా లేదా అని చూశారు. ఉన్నాయి. కృపామణి మాత్రం చాలాసేపు చూసి, "ఇప్పుడు సరింగా ఉండాదన్నా" అంది.

అత్తను నేను చెయ్యి పట్టుకుని నడిపించుకుని వచ్చాను. ఆమె మొదట నా మొహం చూసింది, బొమ్మలోది. గభాలున కళ్ళు మూసుకుని గోవిందా గోవిందా అనుకుంది. తర్వాత తల తిప్పి కొడుకును వెతుక్కుంది. ఆయన రెండో బోండా తింటున్నాడు. అప్పుడు కాస్త ధైర్యం తెచ్చుకుని మళ్ళీ బొమ్మ వైపు తిరిగింది. చోటిచ్చే ఆమె దగ్గర ఆమె చూపు ఆగింది. దగ్గరికి పోయి చూసింది. బొమ్మలో ఆమె ఒళ్ళో టిఫిన్ క్యారియర్ పెట్టుకుని, నుదుటి మీద ఎర్రగా బొట్టుతో, ఎవరికీ భయపడని దానిలా కూర్చుని ఉంది.

"ఈయమ్మ ఎవురు మే?" అని నన్ను అడిగింది. "మొకం ఎంత లచ్చనంగా ఉండాదో. మనోళ్ళ పిల్లేనా?"

వెనక నిలబడిన లోకేశ్వరి ముందుకొచ్చింది.

"నేనే మా" అంది.

అత్త బొమ్మను చూసింది. కూతుర్ని చూసింది. మళ్ళీ బొమ్మను చూసింది. చుట్టూ జనం ఉన్నారని గానీ, నా పట్టుచీర నలుగుతుందని గానీ చూడకుండా నా హ్యాండ్‌బ్యాగు పట్టుకుని లాగింది.

"దీంట్లో ఎప్పుడూ పెట్టుకోనుంటావే, ఆ ప్యాకెట్టు. యాడ?"

స్టిక్కర్ల ప్యాకెట్టు తీశాను. అందులో అన్నీ ఆవగింజంత చిన్నవే మిగిలాయి. అత్త గోళ్ళకు అవి ఊడి రాలేదు. నేను ఒకటి తీసి ఆమె వేలి మీద పెట్టాను. ఆమె కూతురి గడ్డం పట్టుకుని, ఆ చిన్న చుక్కను నుదుటి మీద అతికించింది. కాస్త పక్కకు పడింది.

లోకేశ్వరి గాజు తలుపు దగ్గరకు పోయి చూసుకుంది. తిరిగి మా దగ్గరకు వచ్చింది.

"ఇంత సిన్నదా వదినా?" అని అడిగింది. "పెద్దది ల్యాదా?"

పెద్దది ఒక్కటే ఉంది. అది నా నుదుటి మీద ఉంది. తీసి ఆమెకు పెట్టాను. అందరి ముందూ నా మచ్చ తెల్లగా బయటపడింది. అత్త చూసింది, ఈసారి గోవిందా అనలేదు. మా ఆయన బోండా నములుతూ దూరం నుంచి మా ముగ్గురినీ చూసి, జేబులో పెన్సిల్ కోసం తడుముకుంటూ అరిచాడు. "కదలొద్దు!"